ఆరు వారాలు జీను వేయలేదు: మొయినాబాద్ దగ్గర మా గుర్రం మబ్బుకు ఇప్పించిన శిక్షణ

ఈ శిక్షణ కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడి మాస్టారు ఒకసారికి నాలుగు గుర్రాలనే తీసుకుంటారు. ఇప్పటికే వస్తున్న ఫోన్లకు జవాబు చెప్పలేకపోతున్నానని, పేరు బయటపెట్టొద్దని అడిగారు. అయినా రాస్తున్నాను. గుర్రం కొనుక్కుని ఏం చేయాలో తెలియక తిరుగుతున్నవాళ్లు మన దగ్గర ఇప్పుడు చాలామంది ఉన్నారు. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు రైడింగ్ నేర్పే ఫామ్‌లూ పెరిగాయి. మీరు ఏ చోటికి వెళ్లినా, డబ్బు కట్టే ముందు ఏం చూడాలో, ఏం అడగాలో ఇందులోంచి కొంతైనా తెలిస్తే చాలు.

నాకు వికారాబాద్‌లో మెడికల్ షాపు ఉంది. చేవెళ్ల దగ్గర మూడెకరాల మామిడితోట ఉంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రంతో నేర్పుగా అడుగులు వేయించే పోటీ) జట్టుకు బంగారు పతకం వచ్చింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత గుర్రపు స్వారీలో మనకు వచ్చిన మొదటి బంగారం అది. ఆ జట్టులో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ కూడా ఉన్నారు. అమ్మాయిలు అంత పెద్ద గుర్రాల మీద నిటారుగా కూర్చుని, చేతులు కదిలినట్టే కనిపించకుండా తిప్పుతుంటే మా పాప కళ్లార్పకుండా చూసింది. అప్పటికి దానికి పదమూడేళ్లు. రైడింగ్ క్లాసుల్లో చేర్పించాం. మూడు నెలలు తిరిగేసరికి దానికంటే నాకే ఎక్కువ ఇష్టం పుట్టింది. 2024 జనవరిలో, రేసుల్లోంచి రిటైరైన ఒక థరోబ్రెడ్ జాతి గుర్రాన్ని కొన్నాం. ఏడేళ్ల గెల్డింగ్, అంటే వృషణాలు తీసేసిన మగ గుర్రం. బూడిదరంగు. ఈ రంగు గుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉండి, ఏటేటా తెల్లబడతాయి. మేం తెచ్చుకున్నప్పుడు అచ్చం వానమబ్బులా ఉన్నాడు. మబ్బు అనే పిలిచాం.

రేసు గుర్రానికి ఏం తెలుసో, ఏం తెలియదో ఆరోజు నాకు ఎవరూ చెప్పలేదు. మామూలు స్వారీ గుర్రం ఎక్కేదాకా కదలకుండా నిలబడాలి. రేసు గుర్రం మీద మాత్రం చాలాసార్లు అది నడుస్తుండగానే జాకీని ఎత్తి కూర్చోబెడతారు. నిలబడి ఉండాలని దానికి ఎవరూ నేర్పలేదు. మనం భయపడి పగ్గాలు బిగిస్తే ఆగుతుందనుకుంటాం. రేసు గుర్రానికి ఆ బిగింపు ఆనుకుని పరుగెత్తడం అలవాటు. ఎంత లాగితే అంత ముందుకు పోతుంది. తప్పు గుర్రానిది కాదు. అది నేర్చుకున్న పాఠమే అది.

మొదట వేరే ఒక చోట మూడు వారాలు శిక్షణకు ఉంచాం. తల పైకెత్తకుండా తోలు పట్టీతో కిందికి కట్టేసి, పొడవాటి తాడు మీద రోజూ ముప్పావుగంట గుండ్రంగా పరుగెత్తించేవాళ్లు. అలసిపోతే లొంగుతుందన్నారు. నేనూ నమ్మాను. రోజూ ముప్పావుగంట పరుగెత్తే గుర్రం అలసిపోదు, ఇంకా దిట్టమవుతుంది. ఇంటికి వచ్చేసరికి మబ్బు ఒళ్లు కండపట్టి మెరుస్తోంది, కళ్లు మాత్రం పెద్దవి చేసుకుని అన్నిటికీ ఉలిక్కిపడుతున్నాడు. ఆగస్టులో ఒక ఆదివారం రికాబులో (జీనుకు వేలాడే కాలి మెట్టులో) కాలు పెట్టి సగం పైకి లేచానో లేదో, కదిలాడు. నేను పగ్గాలు లాగాను. అంతే. ఎడమచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. గుర్రాన్ని అమ్మేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. మా ఆయన మాత్రం ఏమీ అనలేదు. రోజూ పొద్దున వెళ్లి దానికి గడ్డి వేసొచ్చేవారు.

మాస్టారి గురించి మా పశువుల డాక్టరుగారు చెప్పారు. మాస్టారిది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో జంతువులను పెంచి, వైద్యం చేసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో చాలా ఏళ్లు గుర్రాలతో పనిచేసి రిటైరయ్యారు. తీసుకుంటానని ముందే మాట ఇవ్వలేదు. చూడ్డానికి తోటకు వచ్చారు. వచ్చి ఇరవై నిమిషాలు కంచె బయట నిలబడ్డారు. ఏమీ చేయలేదు. తర్వాత లోపలికి వెళ్లి, గుర్రానికి ఎదురుగా కాకుండా పక్కనుంచి భుజం వైపు నడిచారు. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందు కొంచెం, తోక వెనక కొంచెం కనిపించదు. మనం ప్రేమగా ముఖం మీదికి చెయ్యి చాపే చోటే దానికి కనిపించని చోటు.

మాస్టారు మెడ నిమిరి, రెండు వేళ్లతో వెన్నెముక పక్కగా నొక్కుకుంటూ వెళ్లారు. మూపు దాటగానే మబ్బు వీపు కుంగదీశాడు. చెవులు వెనక్కి పడ్డాయి. ఆయన మా జీను తెప్పించి వీపు మీద ఉత్తగా పెట్టి, మూపుకు, జీనుకు మధ్య వేళ్లు దూర్చి చూశారు. ఒక్క వేలే పట్టింది. "థరోబ్రెడ్‌కి మూపు ఎత్తుగా ఉంటుందమ్మా. రెండు మూడు వేళ్లు ఆడాల. ఇది ఎముక మీద కూసుంటోంది. ముందు ఈ జీను ఎయ్యడం ఆపండి" అన్నారు. ఎనిమిది నెలలు ఆ జీనే వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్టోబరు మొదటి వారంలో మబ్బును అక్కడికి చేర్చాం. మొదటి పది రోజులు శిక్షణే లేదు. డాక్టరుగారిని పిలిపించి పళ్లు చూపించారు. పై దవడ పళ్ల బయటి అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గ లోపల కోస్తున్నాయి. ఆకురాయితో అరగదీశారు. ఏడాదికి ఒకసారైనా ఇలా చూపించాలట. కడుపులో పుండ్లు ఉండొచ్చని అనుమానించారు. రేసు గుర్రాల్లో ఇది చాలా ఎక్కువ. గుర్రం కడుపులో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, అది తిన్నా తినకపోయినా. మందు ఏంటని చూస్తే ఒమెప్రజోల్. మా షాపులో రోజూ అమ్మే మందే, గుర్రాలకు పేస్టు రూపంలో ఇస్తారు. గ్యాస్ అని వచ్చిన ప్రతి మనిషినీ ఏం తిన్నావని అడిగే నేను, తంగు (జీనును కడుపు కింద కట్టే పట్టీ) బిగించినప్పుడల్లా కరవబోయే గుర్రాన్ని ఒక్కసారీ ఆ కోణంలో చూడలేదు.

దాణా కూడా మార్చారు. మనకు గుర్రం అంటే ఉలవలు గుర్తొస్తాయి. నేను ప్రేమకొద్దీ ఉలవలు, ఓట్స్ కలిపి రోజుకు ఐదు కిలోల దాకా పెట్టేదాన్ని. మాస్టారు టేపు తెచ్చి ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిర్ర దాకా పొడవు కొలిచారు. చుట్టుకొలత 182 సెంటీమీటర్లు, పొడవు 160. చుట్టుకొలతను దాంతోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. 446 కిలోలు వచ్చింది. అందులో నూటికి రెండు వంతుల చొప్పున ఎండుగడ్డి, అంటే రోజుకు తొమ్మిది కిలోలు, రాత్రంతా కొంచెం కొంచెం తినేలా వలసంచిలో కట్టారు. గింజలను పదిరోజులకు పైగా తీసుకుని మెల్లగా కిలోన్నరకు తగ్గించారు. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపునొప్పి దానికి ప్రాణం మీదికి తెస్తుంది. నా బరువు కూడా అడిగారు. 64. జీనుతో కలిపి 72. గుర్రం బరువులో నూటికి 16. ఇరవై దాటకూడదు, పదిహేను దగ్గర ఉంటే మంచిదన్నారు. మీరు చేరబోయే చోట పిల్లల పోనీ మీద ఎనభై కిలోల మనిషిని ఎక్కిస్తుంటే అక్కడినుంచి వచ్చేయండి.

అసలు శిక్షణ మొదలయ్యాక కూడా నెల దాటే వరకు దాని మీదికి ఎవరూ ఎక్కలేదు. ఆరు వారాలు. నెలకు 28,000 కడుతూ, వారానికి రెండుసార్లు పొద్దున్నే అంతదూరం వెళ్లి చూస్తే, మాస్టారు పన్నెండు అడుగుల తాడు పట్టుకుని గుర్రంతో పాటు నడుస్తూ ఉంటారు. ఆగుతారు. అది ఆగుతుంది. రెండడుగులు వెనక్కి వేయిస్తారు. మళ్లీ నడుస్తారు. మొదటి రెండు వారాలూ నాకు లోపల కుతకుతగానే ఉంది. మా ఆయనతో, నడవడం నేర్పడానికి ఇన్ని డబ్బులా అని అన్నాను కూడా.

మూడో వారంలో మాస్టారు నన్ను పిలిచి తాడు రెండో కొస నా చేతికిచ్చారు. "మీరే గుర్రం. కళ్లు మూసుకోండి" అన్నారు. తాడు చాలా మెల్లగా బిగిసింది. ఎటు వెళ్లాలో తెలియక ఒక్కక్షణం తడబడి, బిగువు ఉన్నవైపు ఒరిగాను. పూర్తిగా అడుగు కూడా వేయలేదు, తాడు వదులైపోయింది. మళ్లీ బిగిసింది, మళ్లీ ఒరిగాను, మళ్లీ వదులైంది. నాలుగోసారికి వేళ్లలో చిన్న కదలిక తెలియగానే నడుస్తున్నాను. హాయిగా ఉంది. అప్పుడు ఆయన ఆట మార్చారు. నేను అడుగు వేసినా తాడు వదలలేదు. ఇంకో అడుగు వేశాను. వదలలేదు. ఇటు తిరిగాను, అటు తిరిగాను. బిగువు అలాగే ఉంది. నిమిషం కూడా కాలేదు, నాకు తెలియకుండానే తాడు నావైపు గట్టిగా లాగేశాను.

"సూశారా. ఇప్పుడు మీరు పొగరు గుర్రం" అన్నారు ఆయన, చాలా మెత్తగా.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగస్టు ఆదివారం గుర్తొచ్చింది. లాగడం గుర్రానికి ఏమీ నేర్పదు, అది సరైన పని చేసిన క్షణాన మనం వదలడమే నేర్పుతుంది. ఈ ఒక్క సంగతి ఎవరైనా మాటల్లో చెప్తే నేను తలూపి మర్చిపోయేదాన్ని. తాడు కొసన నిలబడ్డాను కాబట్టి చేతికి గుర్తుంది. అప్పటినుంచి నేను మబ్బుతో పనిచేస్తున్నప్పుడల్లా మాస్టారు గట్టు మీద కూర్చుని ఒకే మాట అనేవారు: "ఒగ్గేయండమ్మా." వదిలేయండి అని. నేను ఎప్పుడూ ఒక సెకను ఆలస్యం. గుర్రం అడిగింది చేసేసిన తర్వాత కూడా తాడు ఇంకొంచెం పట్టుకునేదాన్ని. ఆ సెకను పోగొట్టుకోవడానికే నాకు నెల పట్టింది.

ఆ ఆరు వారాల్లో నేర్పినవి వింటే చిన్నవిగా ఉంటాయి. మనిషి భుజానికి కొంచెం వెనకగా, మీద పడకుండా నడవడం. ఆగమంటే ఆగడం. తాడు కొద్దిగా ఆడిస్తే వెనక్కి వెళ్లడం. పక్క డొక్క మీద వేలు పెడితే వెనకకాళ్లు పక్కకు దాటించడం. ఈ చివరిదాన్ని మాస్టారు అన్నిటికంటే ముఖ్యం అంటారు. గుర్రానికి ఇంజను వెనక ఉంది. పారిపోవాలన్నా, ముందుకాళ్లు లేపాలన్నా వెనకకాళ్లు రెండూ ఒకేసారి నేలను తన్నాలి. ఒకటి రెండోదానికి అడ్డంగా వెళ్తే ఆ బలం కుదరదు. భయపడినప్పుడు వెనకభాగాన్ని పక్కకు జరపడం అలవాటైన గుర్రం అక్కడే చల్లబడుతుంది. దీనికి కూడా వరస ఉంది: ముందు డొక్క వైపు చూడాలి, తర్వాత వేలు చూపాలి, తర్వాత వెంట్రుకలు తాకేంత, తర్వాత చర్మం, తర్వాతే నొక్కడం. నవంబరు చివరికి మబ్బు నా చూపుకే జరిగేవాడు. కొరడా ఉండేది, దాన్ని పొడవైన వేలులాగా వాడేవారు. కొట్టగా నేను చూడలేదు.

నీలం టార్పాలిన్ గురించి చెప్పాలి. మా తోటలో అది ఎగిరితే మబ్బు కంచె దాకా పరుగెత్తేవాడు. శిక్షణ కేంద్రంలో సైసుగా, అంటే గుర్రాల బాగోగులు చూసే పనిలో ఉన్న చాచా ఉన్నారు, పాతబస్తీ మనిషి, చిన్నప్పటినుంచి గుర్రాల మధ్యే పెరిగారట. ఆయన టార్పాలిన్ తెచ్చి గుర్రం దగ్గరికి తేలేదు. దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ గుర్రానికి దూరంగా నడిచారు. మాస్టారు తాడు పట్టుకుని మబ్బును దాని వెంట నడిపించారు. తనను చూసి పారిపోతున్న వస్తువు అంటే గుర్రానికి భయం ఎందుకుంటుంది? పది నిమిషాలకు ముక్కు సాచి వాసన చూశాడు. వెంటనే చాచా టార్పాలిన్ మడిచి పక్కన పడేసి వెళ్లిపోయారు. అదే ఆరోజు పాఠం. ఇంకొంచెం చేద్దామా అని నేను అడిగితే, "ఇప్పుడు వానికి మంచిగ అనిపిస్తుంది మేడం. గిప్పుడే ఆపాలె. ఎక్కువ చేస్తే రేపు మళ్ల భయపడతడు" అన్నారు. మర్నాడు ఇదే ఇంకో పక్కనుంచి మొదలు. గుర్రం ఎడమకంటితో చూసి అలవాటుపడిన దానికి, కుడికంటితో చూసినప్పుడు మళ్లీ బెదరొచ్చు. అందుకే ప్రతిదీ రెండు పక్కలా చేయాలి. మూడో వారానికి టార్పాలిన్ మీద నడిచాడు. ఆ తర్వాత అది వీపు మీద దుప్పటిలా కప్పినా గడ్డి తింటూ ఉన్నాడు.

తాడు మీద గుండ్రంగా తిప్పడం ఇక్కడా ఉంది. కానీ ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలకు మించి లేదు. చిన్న వలయంలో అదేపనిగా తిప్పితే కాళ్ల కీళ్ల మీద భారం పడుతుంది. పరుగుకూ పని లేదు. నడక, ట్రాట్ (నడకకంటే వేగంగా, దౌడుకంటే నెమ్మదిగా వేసే అడుగు), మళ్లీ నడక, ఆగు. ఈ మార్పులే వ్యాయామం. నేలమీద నాలుగు వెదురు గడలు, ట్రాట్‌కు దాదాపు నాలుగున్నర అడుగుల దూరంలో పరిచేవారు. గుర్రం తల దించి, కాళ్లు చూసుకుంటూ, వీపు పైకి తెచ్చి దాటుతుంది. తల కట్టేయకుండానే తల దిగింది. మొదటి చోట తోలు పట్టీతో చేయబోయింది ఇక్కడ నాలుగు వెదురు గడలతో జరిగింది.

తర్వాత రెండు పొడవాటి పగ్గాలతో వెనకనుంచి నడిపించడం. కళ్లెం నుంచి రెండు తాళ్లు, గుర్రం పక్కల మీదుగా వెనక్కి. మాస్టారు దాని వెనక కొంచెం పక్కగా నడుస్తూ ఎడమ, కుడి, ఆగు అన్నీ నేర్పారు. పైన మనిషి బరువు లేకుండానే పగ్గం అంటే పరుగు కాదని మబ్బుకు కొత్తగా అర్థమైంది. ఈ దశను చాలా చోట్ల వదిలేస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్నల్లో ఇది ఒకటి: ఎక్కే ముందు గుర్రానికి పక్కలకు తిరగడం, ఆగడం వచ్చా?

నవంబరు చివర్లో కొత్త జీను. వేశారు, తీశారు. వేశారు, తంగు ఒక్క రంధ్రం బిగించి నడిపించారు, ఇంకో రంధ్రం బిగించారు. ఎక్కే మెట్టు పక్కన నిలబెట్టి ఎక్కకుండానే వెళ్లిపోవడం నాలుగు రోజులు. తర్వాత వీపు మీద అడ్డంగా వాలి దిగిపోవడం. డిసెంబరు మొదటి శనివారం మాస్టారి దగ్గర నేర్చుకుంటున్న సన్నటి కుర్రాడు మెట్టు మీంచి ఎక్కి కూర్చున్నాడు. మబ్బు నిలబడే ఉన్నాడు. చెవులు ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి ఆడించి, నోరు చప్పరించాడు. ఆ కుర్రాడు పగ్గాలు వదులుగానే ఉంచి మెడ నిమిరి దిగిపోయాడు. నేను వీడియో తీయడం కూడా మర్చిపోయాను.

స్వారీ దశ మూడున్నర నెలలు. దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నేలమీద వచ్చినవే పైనుంచి మళ్లీ జరిగాయి. ఇరవై మీటర్ల వలయాలు, పాములా మెలికలు తిరగడం, పది అడుగులకొకసారి నడక నుంచి ట్రాట్, ట్రాట్ నుంచి నడక. వేలితో వెనకభాగం జరిపినట్టే ఇప్పుడు మడమతో. వలయానికి లోపలివైపు ఉన్న కాలు ఆనిస్తే గుర్రం బయటివైపు పగ్గాన్ని అందుకుంటుంది. ఒక చేతిని ఒక క్షణం మూసి తెరవడం, ఊపిరి వదిలి నడుము బరువు దించడం, ఇవే బ్రేకులు. జనవరిలో గుర్రం కొంచెం ఒంపుగా, ముందుభాగాన్ని గోడ నుంచి లోపలికి తెచ్చి నడిచే షోల్డర్-ఇన్ మొదలుపెట్టారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లా గెరినియెర్ అనే స్వారీ గురువు దీన్ని పద్ధతిగా స్థిరపరిచారని, ఇప్పటికీ దీనికి మించిన మందు లేదని మాస్టారు చెప్పారు. మబ్బుకు కుడివైపు ఒళ్లు బిగుతు. ఎడమ వైపు నాలుగడుగులు వస్తే కుడి వైపు ఒకటే వచ్చేది. ఆ ఒక్కటి రాగానే ఆపి, దిగి, జీను వదులు చేసి నడిపించుకెళ్లేవారు.

నాకు కూడా పాఠాలు చెప్పారు. నిజానికి ఈ ఫీజులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. గుర్రాన్ని మాత్రమే బాగుచేసి పాత యజమానికి ఇస్తే రెండు నెలల్లో పాతగుర్రమే అవుతుందని ఆయన నమ్మకం. వారానికి రెండు క్లాసులు, వాళ్ల ముసలి గుర్రం మీద. మబ్బు మీద కాదు. రికాబులు లేకుండా, పగ్గాలు లేకుండా, ఆయన తాడు పట్టుకుని తిప్పుతుంటే నేను చేతులు రెక్కల్లా చాపి కూర్చోవాలి. నలభై నాలుగేళ్ల వయసులో తొడలు మంటలు పెట్టాయి. కానీ పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకునే అలవాటు అక్కడే పోయింది. బరువు నడుములోకి దిగింది. హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వరు, చెప్పులతో లాయంలోకే రానివ్వరు. ఫిబ్రవరి రెండో వారంలో మబ్బును ఎక్కాను. మణికట్టు దానంతటదే బిగుసుకుంది. కింద నుంచి "ఒగ్గేయండమ్మా" వినపడింది. వదిలాను. నడిచాడు.

బాగోలేనివి కూడా రాయాలి. మైదానానికి నీడ లేదు. మార్చిలో తొమ్మిది దాటితే ఇసుక కాలిపోతుంది. క్లాసులు ఐదున్నరకే పెట్టినా ఆలస్యంగా వచ్చినవాళ్ల వల్ల అందరికీ ఆలస్యం. ఇసుక మీద నీళ్లు చల్లని రోజుల్లో దుమ్ము విపరీతం, గుర్రానికి ముక్కుతోనే ఊపిరి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నేను చెప్పాక వారం రోజులు చల్లారు, మళ్లీ మానేశారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది లేదు. దాణా గది పక్కన పరదా కట్టారు, అది సరిపోదు. అద్దె హెల్మెట్లలో రెండు పాతబడిపోయాయి, మీది మీరు కొనుక్కోండి. మాస్టారు పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు, మూడు రోజులు టెన్షన్‌తో గడిపిన సందర్భం ఉంది. గుర్రం ఏ రోజు ఏం నేర్చుకుందో రాసి ఇవ్వరు. నేనే ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతిసారీ అడిగి రాసుకున్నాను. దూరంగా ఉండేవాళ్లకు ఇది పెద్ద లోటు. వారానికి ఒక చిన్న వీడియో అయినా పంపాలి.

మొత్తం ఖర్చు: ఆరు నెలలకు శిక్షణ, లాయం, దాణా కలిపి 1,68,000. నాడాలు, పళ్లు, మందులు, డాక్టరు ఫీజులు వేరుగా దాదాపు 30,000. కొత్త జీను ఇంకో 45,000, అది కొన్నది వేరే చోట. మాకు ఇది తేలిక కాదు. రెండేళ్ల మామిడి డబ్బు వెళ్లిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్లు ఊరికే అనలేదు. గుర్రం ధర చూసి కొనేవాళ్లు ఈ లెక్క కూడా ముందే వేసుకోవాలి. రేసుల్లోంచి వచ్చిన గుర్రాలు తక్కువ ధరకు దొరుకుతాయి, శిక్షణ ఖర్చు మాత్రం తక్కువ కాదు. ఆ డబ్బు లేకపోతే, ముందు ఏదైనా మంచి స్కూల్లో వాళ్ల గుర్రాల మీద ఏడాది నేర్చుకోండి.

పెళ్లి ఊరేగింపు కోసం, రీల్స్ కోసం రెండు వారాల్లో గుర్రాన్ని తయారుచేసి ఇమ్మనేవాళ్లకు ఇది పనికిరాదు. అలాంటి ఇద్దరిని మాస్టారు నా ముందే వెనక్కి పంపారు. గుర్రానికి భయం ఉందని, తనకూ భయం ఉందని ఒప్పుకోగలిగినవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ సగం దుమ్ముకు, ఎత్తని ఫోన్లకు.

మార్చి ఆఖరుకు మబ్బును ఇంటికి తెచ్చుకున్నాం. రోజూ ఎక్కే ముందు పది నిమిషాలు తాడుతో నేలమీద పని, వెదురు గడలు కూడా తెచ్చి పరిచాం. జులైలో మా తోట పక్క దారిలోంచి బోనాలు వెళ్లాయి. పోతరాజు, డప్పులు, వెనక డీజే బండి. నేను అప్పటికి మబ్బు మీదే ఉన్నాను, దిగడానికి టైం లేదు. తల పైకెత్తాడు, ఒళ్లంతా రాయిలా అయింది. నేను ఊపిరి వదిలి, కుడి మడమ ఆనించాను. వెనకకాళ్లు పక్కకు దాటించాడు. ఇంకోసారి. మూడోసారికి తల కొంచెం దించి, ముక్కుతో బుస్సుమని గాలి వదిలాడు. పగ్గాలు వదిలేశాను. డప్పులు వెళ్లిపోయేదాకా ఇద్దరం మామిడిచెట్టు కింద అలాగే నిలబడ్డాం. మా పాప కంచె దగ్గర నిలబడి చూస్తోంది.

కుడివైపు క్యాంటర్, అంటే నెమ్మది దౌడు, ఇంకా సరిగ్గా రావడం లేదు. కుడివైపు తిరిగేటప్పుడు కుడి ముందుకాలు ఎక్కువ ముందుకు చాచాల్సింది, ఎడమకాలే చాస్తున్నాడు. మాస్టారికి ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తారు. దసరా తర్వాత ఒక చోటు ఖాళీ అవుతుందట. నెల రోజులకు తీసుకెళ్తున్నాను. ఈసారి పాపను కూడా.